లాభం తినేవాడే నష్టమూ మోయాలి: హైదరాబాద్‌లో ఇస్లామీయ నీతి

పాతబస్తీలో తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునే మనిషికి సరుకు కోసం తొమ్మిది వేలు కావాలనుకుందాం. బ్యాంకు అడిగే కాగితాలు అతని దగ్గర ఉండవు. గిరిగిరి ఫైనాన్స్ వాడు కాగితాలు అడగడు. పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతికిస్తాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు బండి దగ్గరికే వచ్చి వసూలు చేసుకుపోతాడు. పైకి చూస్తే వెయ్యి రూపాయలే. అసలు రోజురోజుకూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఏడాది లెక్కకు తెస్తే ఈ వడ్డీ 70 శాతం దాటుతుంది. మధ్యలో జ్వరమొచ్చి నాలుగు రోజులు బండి కదలకపోయినా, వానకు గిరాకీ లేక పండ్లు కుళ్లిపోయినా ఫైనాన్స్ వాడి వందకు మాత్రం ఢోకా లేదు.

ఇస్లాం వడ్డీని ఎందుకు కాదంటుందో అర్థం కావాలంటే ఆ ఢోకా లేని వంద దగ్గర కాసేపు ఆగాలి. వ్యాపారం కూడా వడ్డీ లాంటిదే కదా అని మక్కా వర్తకులు వాదించారు. వ్యాపారం ధర్మసమ్మతం, వడ్డీ నిషిద్ధం అని ఖురాన్ వాళ్లకు జవాబిచ్చింది. వాదన, జవాబు రెండూ రెండో సూరా (అధ్యాయం) 275వ ఆయత్‌ (వాక్యం)లోనే ఉన్నాయి. పెట్టినదానికంటే ఎక్కువ రావడం రెండింట్లోనూ ఉంది, వర్తకులు చెప్పిందాంట్లో ఆ మేరకు తప్పులేదు. తేడా తెలిసేది నష్టం వచ్చిన రోజునే. సరుకు పోతే వ్యాపారి పోగొట్టుకుంటాడు. వడ్డీకిచ్చినవాడికి మాత్రం అసలూ రావాలి, పైదీ రావాలి. తర్వాతి కాలపు ధర్మశాస్త్ర పండితులు దీన్ని 'అల్ గున్ము బిల్ గుర్మ్' అన్న సూత్రంగా కుదించారు. లాభం ఎవరిదో నష్టభారమూ వారిదే అని దాని సారం.

ఈ సూత్రాన్ని సాధారణంగా ఇస్లామిక్ బ్యాంకింగ్ పాఠాలకే పరిమితం చేస్తారు. అది అన్యాయం. జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం), వక్ఫ్ (ధర్మానికి రాసిచ్చిన ఆస్తి), జీతం, వోటు, నికాహ్ (పెళ్లి) అన్నింటినీ ఇదే ప్రశ్న అడగవచ్చు: మేలు ఎవరికి దక్కుతోంది, భారం ఎవరి మీద పడుతోంది? హైదరాబాద్‌లో ఇస్లామీయ నీతి గురించి జరిగే చర్చ ఎక్కువగా ముద్ర దగ్గరే ఆగిపోతుంది. కాగితం మీద 'హలాల్' అని ఉందా లేదా, వడ్డీ అన్న మాట వాడారా లేదా అని చూస్తారు. ఆ ముద్ర కింద భారం ఎటు ఒరిగిందో చూసేవాళ్లు తక్కువ.

వడ్డీ లేని అప్పుల ఊరు

ఈ నగరానికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది, దానికి రెండు ముఖాలున్నాయి. 19వ శతాబ్దంలో నిజాం కొలువులోని అరబ్ జమేదార్లు, రోహిల్లాలు సిపాయిలుగా వచ్చి షావుకార్లయ్యారు. జాగీర్దార్లకే కాదు, సర్కారుకే అప్పులిచ్చి, బాకీ కింద తాలూకాల శిస్తును చేతిలో పెట్టుకున్నారు. నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల్లో ఆ తాలూకాలను విడిపించుకోవడం ఒక పెద్ద పని. మతం వద్దన్నంత మాత్రాన వడ్డీ ఆగలేదనడానికి బయటి ఉదాహరణలు అక్కర్లేదు.

రెండో ముఖం 1923 నాటిది. ఆ ఏడాది నిజాం ప్రభుత్వ ఉద్యోగులు కొందరు కలిసి 'అంజుమన్ ఇమ్దాదె బాహమీ ఖర్జ్ బిలా సూద్' పెట్టుకున్నారు. పరస్పర సహాయంతో వడ్డీ లేని అప్పులిచ్చే సంఘమన్నమాట. సభ్యులు నెలనెలా కొంత జమచేస్తారు, అవసరమైనవాడు తీసుకుని వాయిదాల్లో అసలు మాత్రమే కడతాడు. ఆధునిక ఇస్లామిక్ బ్యాంకింగ్ కథ మొదలయ్యేది 1963లో ఈజిప్టులోని మిత్ గమ్ర్ పొదుపు బ్యాంకుతోనని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. హైదరాబాద్ గుమాస్తాలు దానికి నలభై ఏళ్లు ముందున్నారు. ఇది ఇక్కడివాళ్లకే పెద్దగా తెలియదు.

ఆలోచన కూడా ఇక్కడే పదునెక్కింది. ఈ నగరంలో పుట్టి, ఉస్మానియాలో చదివి, 1948 తర్వాత పారిస్‌లో స్థిరపడిన ముహమ్మద్ హమీదుల్లా 1930లలోనే ఇస్లామీయ ఆర్థిక సూత్రాల మీద వ్యాసాలు రాశారు. ఉస్మానియాలోనే మతశాస్త్రం బోధించిన మనాజిర్ అహ్సన్ గిలానీ, ఆర్థికశాస్త్రం బోధించిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ ఇదే విషయం మీద పుస్తకాలు తెచ్చారు. ఉర్దూలో ఉన్నత విద్య బోధించే విశ్వవిద్యాలయం, ఉద్యోగుల జీతాల నుంచి పుట్టిన పరపతి సంఘాలు ఒకే ఊళ్లో ఉండబట్టి ఈ ఆలోచన గాలిలో తేలిపోకుండా నేల మీద నిలిచింది.

ఆ పరంపర ఇంకా ఉంది. పాతబస్తీలో బైతుల్‌మాల్ (ఉమ్మడి నిధి) పేరుతో నడిచే సంస్థలు బంగారం తాకట్టు మీద వడ్డీ లేని అప్పులిస్తాయి. కొన్ని పరపతి సంఘాలుగా రిజిస్టరై, నిర్వహణ ఖర్చుల కింద కొంత రుసుము తీసుకుంటాయి. ఈ రుసుము దగ్గరే అసలు పరీక్ష ఉంది. సంస్థకు నిజంగా అయ్యే ఖర్చు మేరకు తీసుకుంటే తప్పులేదని ధర్మశాస్త్ర పండితుల వేదిక అయిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1986లో చెప్పింది. అప్పు పెరిగినకొద్దీ, గడువు సాగినకొద్దీ రుసుమూ పెరుగుతుంటే అది పేరు మార్చుకున్న వడ్డీయే. జమాఖర్చులు గోడకు అంటించే సంఘాన్ని నమ్మవచ్చు. ఖర్చుల వివరం అడిగితే మొహం చిట్లించే సంఘానికి దూరంగా ఉండటం మేలు.

ఈ సంఘాలకున్న బలహీనతను కూడా చెప్పుకోవాలి. జమచేసినవాడికి పైన ఏమీ రాదు, ధరలు పెరిగేకొద్దీ అతని డబ్బు విలువ కరిగిపోతుంది. అంటే ఇక్కడా నష్టం ఒకరు మోస్తున్నారు. కాకపోతే తెలిసి, ఇష్టపడి మోస్తున్నారు. ఇంకో చిక్కు, ఇవి బ్యాంకులు కావు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల దాకా ఉండే బీమా వీటికి లేదు. 2008లో రఘురామ్ రాజన్ అధ్యక్షతన పనిచేసిన ఆర్థిక సంస్కరణల కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించాలని సూచించింది. రిజర్వు బ్యాంకు కొన్నేళ్లు పరిశీలించి, 2017లో ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. బ్యాంకుల్లో వడ్డీ పడుతున్న ముస్లిం ఖాతాదారులు చాలామంది ఆ మొత్తాన్ని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేస్తున్నారు, కొందరు ముట్టుకోకుండా వదిలేస్తున్నారు. సక్రమమైన తలుపు మూసి ఉన్నప్పుడు జనం ఏ కిటికీలోంచి దూరుతారో 2018లో తేలింది.

హలాల్ ముద్ర వేసిన మోసం

హైదరాబాద్ కేంద్రంగా పెరిగిన హీరా గ్రూప్ వడ్డీ లేని, హలాల్ వ్యాపారమంటూ లక్షలాది మంది దగ్గర డబ్బు తీసుకుంది. బంగారం వ్యాపారంలో పెట్టి ఏడాదికి 36 శాతం దాకా లాభం ఇస్తామన్నది మాట. చెల్లింపులు ఆగిపోయాక ఫిర్యాదులు వచ్చాయి, 2018 అక్టోబర్‌లో సంస్థ అధినేత్రి అరెస్టయ్యారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మరుసటి ఏడాది బెంగళూరులో ఐఎంఏ సంస్థ కూలిపోయింది, అదీ ఇదే తరహా. గల్ఫ్‌లో సంపాదించి పంపిన డబ్బు, ఆడపిల్లల పెళ్లికి దాచిన డబ్బు, విధవలు నగలమ్మి తెచ్చిన డబ్బు వాటిలో పోయాయి.

కోర్టుల తీర్పు ఎలా ఉన్నా, నీతి లెక్కన ఈ పథకాల అసలు రంగు మొదటి రోజే కనిపించాలి. వ్యాపార భాగస్వామ్యంలో లాభం ఇంత శాతం పంచుకుందామనుకోవచ్చు, నెలకు ఇంత ఇస్తామని గ్యారంటీ ఇవ్వకూడదు. షరియత్‌లో ముదారబా (ఒకరి డబ్బు, ఇంకొకరి శ్రమ), ముషారకా (అందరి పెట్టుబడి) అనే భాగస్వామ్య ఒప్పందాల ప్రాథమిక షరతే అది. బంగారం ధర పడిపోయిన నెలలోనూ అదే లాభం ఠంచనుగా చేతికొస్తుంటే, వచ్చేది లాభం కాదు, వడ్డీ. లేదా ఇంకొకరి అసలు. వడ్డీ తినకూడదన్న భక్తి నిజమే, కానీ నష్టం వద్దు లాభమే కావాలన్న కోరిక దాని పక్కనే కూర్చుంది. మోసగాళ్లు వాడుకున్నది ఆ రెండో దాన్ని. మసీదు ప్రసంగాల్లో వడ్డీ పాపమని చెప్పినన్ని సార్లు గ్యారంటీ లాభం కూడా పాపమేనని చెప్పి ఉంటే కొందరైనా ఆగి ఆలోచించేవారేమో.

పెద్ద ఇస్లామిక్ బ్యాంకులకూ ఈ రోగం లేకపోలేదు. గల్ఫ్, మలేసియా బ్యాంకుల్లో వ్యవస్థీకృత తవర్రుఖ్ అని ఒక పద్ధతి ఉంది. బ్యాంకు ఏదో లోహం కొని మీకు వాయిదాల మీద ఎక్కువ ధరకు అమ్ముతుంది, మీ తరఫునే దాన్ని అప్పటికప్పుడు తక్కువ ధరకు ఇంకొకరికి అమ్మి నగదు చేతిలో పెడుతుంది. లోహం గోదాము దాటదు. మీ చేతికి వచ్చింది లక్ష, కట్టాల్సింది లక్షా పదివేలు. ఇది చెల్లదని ఫిఖ్ అకాడమీ 2009 షార్జా సమావేశంలో తేల్చింది, బ్యాంకులు మాత్రం చేస్తూనే ఉన్నాయి. ఇంకో కొసన, ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీగా ఉన్న ముహమ్మద్ సయ్యిద్ తంతావీ ప్రభుత్వ పొదుపు పత్రాల రాబడి నిషిద్ధమైన వడ్డీ కిందికి రాదని 1989లో ఫత్వా ఇచ్చారు. మెజారిటీ పండితులు ఒప్పుకోలేదు. పండితుల మధ్య చర్చ ముగిసిందనుకునేవాళ్లు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

అదే సూరా 280వ ఆయత్ గురించి తక్కువ మంది మాట్లాడతారు. బాకీదారు ఇబ్బందిలో ఉంటే తేరుకునేదాకా గడువివ్వాలి, మాఫ్ చేస్తే ఇంకా మంచిది అని అది చెబుతుంది. తెలుగు నేల మీద ఈ మాట బరువు 2010లో తెలిసింది. మైక్రోఫైనాన్స్ సంస్థలకు హైదరాబాద్ అప్పుడు రాజధాని లాంటిది. బేగంపేట కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఆ ఏడాదే షేర్ మార్కెట్లో అడుగుపెట్టింది. అక్కడ వాటాదారులకు లాభాల పండగ. ఇక్కడ పల్లెల్లో వారం వాయిదా కట్టలేని ఆడమనిషి ఇంటిముందు తోటి గ్రూపు సభ్యులే కూర్చునే పరిస్థితి. ఆత్మహత్యల వార్తలు వరస కట్టాక అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అందులో ఇస్లాం ప్రస్తావన ఏమీ లేదు, ఉండనక్కర్లేదు కూడా. బాకీదారు మెడ మీద కత్తి పెట్టకూడదన్న నీతి ఒక మతం వాళ్ల సొంత ఆస్తి కాదు.

చెమట ఆరకముందే

కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వండని ప్రవక్త చెప్పిన హదీసు హైదరాబాద్ సభల్లో తరచూ వినిపిస్తుంది. ప్రళయదినాన తానే స్వయంగా ఎవరికి ప్రత్యర్థిగా నిలుస్తానో అల్లాహ్ చెప్పిన హదీసు ఇంకొకటి బుఖారీ సంకలనంలో ఉంది. ఆ ముగ్గురిలో ఒకడు, పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడు.

ఈ మాటలు పుట్టిన అరబ్బు నేలకు తెలంగాణ నుంచి వెళ్లినవాళ్ల కథ దీని పక్కన పెట్టి చదవాలి. కఫీల్, అకామా, ఖల్లివల్లి అన్న మాటలు జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో అర్థం చెప్పకుండానే తెలుస్తాయి. కఫీల్ అంటే వీసా ఇప్పించిన యజమాని, అకామా అంటే నివాస అనుమతి, యజమానిని వదిలి అనుమతి లేకుండా పనిచేసేవాడు ఖల్లివల్లి. వీసాకు ఏజెంట్‌కిచ్చే డబ్బు ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. అక్కడ కఫీల్ పాస్‌పోర్టు తీసి పెట్టుకుంటాడు. జీతం నెలలకు నెలలు ఆగితే కంపెనీ మారే హక్కు లేదు, మారితే ఖల్లివల్లి అయి పోలీసులకు దొరకడమే. ఊళ్లో వడ్డీ ఆగదు, అక్కడ జీతం రాదు. రెండు వైపులా నష్టం ఒక్కడి నెత్తినే. బార్కస్ నుంచి వెళ్లిన ముస్లిం యువకుడైనా, కోరుట్ల నుంచి వెళ్లిన హిందూ యువకుడైనా కఫీల్ ముందు ఒకటే.

షరియత్‌ను రాజ్యాంగంలో రాసుకున్న దేశాల్లో ఇది దశాబ్దాల పాటు సాగింది. మద్యం దొరక్కుండా చూడటానికి పెట్టిన శ్రద్ధలో సగమైనా జీతం బాకీల మీద పెట్టి ఉంటే ఇన్ని శవపేటికలు శంషాబాద్‌లో దిగేవి కావేమో. ఖతర్ 2020లో కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించి, 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు చేసింది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ముందు విదేశాల నుంచి వచ్చిన ఒత్తిడి దీనికి ఒక కారణం. హదీసు అప్పటికి పద్నాలుగు వందల ఏళ్లుగా అక్కడే ఉంది.

వేలెత్తి చూపడం సులువే. ఇదే నగరంలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, గాజుల తయారీలో లాడ్‌బజార్‌కు పనిచేసిపెట్టే పిల్లలు, పెళ్లి భోజనాలు వండే బావర్చీల కింది కూలీలు ఉన్నారు. మాంసం హలాలా కాదా అని ఆరాతీసే కుటుంబం దాన్ని వండినవాళ్లకు కూలి ముట్టిందా అని అడగడం అరుదు.

జకాత్ లెక్క, ప్లాట్ల లెక్క

వడ్డీలో డబ్బు కూర్చుని పెరుగుతుంది. జకాత్‌లో కూర్చున్న డబ్బు తరుగుతుంది. ఏడాది పాటు చేతిలో నిలిచిన సంపద మీద నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం, పేదల హక్కుగా ఇచ్చెయ్యాలి. సంపద మీలో ధనవంతుల మధ్యనే తిరుగుతూ ఉండకూడదన్న 59వ సూరా ఏడో ఆయత్ ఉద్దేశం కూడా అదే. బంగారమైతే 87.48 గ్రాములు, వెండి అయితే 612.36 గ్రాములు ఉన్నవారికి ఇది విధి అని మన దేశ ఉలమా (మతపండితుల) లెక్క. ఈ రెండింటి ధరకూ ఇప్పుడు పొంతన లేదు. నగదుకు వెండి కొలత పట్టుకుంటే చిన్న ఉద్యోగి కూడా జకాత్ ఇవ్వాలి, బంగారం కొలత పట్టుకుంటే చాలామంది తప్పుకుంటారు. పేదలకు మేలని వెండి వైపే మొగ్గుతారు ఎక్కువమంది పండితులు.

హైదరాబాద్‌లో అసలు గొడవ వెండిది కాదు, భూమిది. సొంతంగా ఉండే ఇంటి మీద జకాత్ లేదు. అమ్మి లాభం చేసుకోవాలని కొన్న ప్లాటు మాత్రం సరుకు కిందికే వస్తుంది, ఏటా దాని మార్కెట్ విలువ మీద జకాత్ కట్టాలి. షాద్‌నగర్ రోడ్డులో ఆరు ప్లాట్లున్న పెద్దమనిషిని అడిగితే అన్నీ పిల్లలు ఇళ్లు కట్టుకోవడానికే అంటాడు. నియ్యత్ (మనసులోని ఉద్దేశం) అల్లాహ్‌కే తెలుసు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలియదు. వందల కోట్ల జకాత్ ఇలా మనసులోని ఒక చిన్న సర్దుబాటుతో మాయమవుతుందని అనుమానించడానికి ఆస్కారముంది.

ఇచ్చినది కూడా రంజాన్ నెలలో చిల్లరగా చెల్లాచెదురవుతుంది. గుమ్మం ముందుకొచ్చే వందలమందికి తలా వంద, ఇతర రాష్ట్రాల మదర్సాల నుంచి రసీదు పుస్తకాలతో వచ్చే సఫీర్లకు తలా అయిదు వందలు. జకాత్ అందుకోదగిన ఎనిమిది వర్గాలను 9వ సూరా 60వ ఆయత్ చెబుతుంది, అందులో అప్పుల్లో కూరుకుపోయినవారు ఒకరు. మొదట చెప్పిన తోపుడుబండి మనిషి అచ్చంగా ఆ వర్గమే. ఒక గల్లీలోని పదిమంది తమ జకాత్ కలిపితే అలాంటి నలుగురి గిరిగిరి బాకీ ఒకే రోజు తీర్చవచ్చు. అలా చేస్తున్న సంస్థలు నగరంలో లేకపోలేదు, కానీ ఇచ్చేవాడికి తన చేతి నుంచి వంద నోటు దాటుతుంటే కలిగే తృప్తి సంస్థ రసీదులో దొరకదు.

వక్ఫ్: యజమాని లేని ఆస్తికి ఎందరో యజమానులు

ఖైబర్‌లో తనకు దక్కిన మంచి భూమిని ఏం చేయమంటారని ఉమర్ అడిగితే, అసలు అలాగే ఉంచి ఫలసాయం దానం చెయ్యమని ప్రవక్త సలహా ఇచ్చారు. వక్ఫ్‌కు మూలం అది. దాన్ని చూసుకునే ముతవల్లీ యజమాని కాడు, నమ్మి అప్పగిస్తే కాపాడే అమానత్‌దారు. ముస్లింల స్థితిగతుల మీద 2006లో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు, సుమారు 6 లక్షల ఎకరాలు ఉన్నాయి. వాటి మీద ఏటా వచ్చేది 163 కోట్లు. సరిగ్గా నిర్వహిస్తే 12,000 కోట్లు రావచ్చని కమిటీ అంచనా.

ఈ రెండు అంకెల మధ్య తేడా ఎవరి జేబులో పడుతోంది? ప్రభుత్వాలు కొంత మింగాయి. మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాలు ప్రభుత్వానివేనని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. ఐటీ కంపెనీల అద్దాల మేడలు లేచింది ఆ ప్రాంతంలోనే. 2025 వక్ఫ్ సవరణ చట్టం మీద వీధుల్లో ఆందోళనలు జరిగాయి, బోర్డుల్లో ముస్లిమేతరుల సంగతి, దీర్ఘకాల వాడుకతో వక్ఫ్ అయ్యే పద్ధతి ఎత్తివేత, అయిదేళ్లు ఇస్లాం పాటించి ఉండాలన్న షరతు అన్నీ కోర్టుకెక్కాయి. ఆ చివరి షరతును సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబర్‌లో నిలిపివేసింది. ఆ ఆందోళనలో న్యాయముంది.

ఆందోళన చేసినవాళ్లలో వక్ఫ్ మడిగెల్లో తాతల నాటి కిరాయికి కూర్చున్నవాళ్లూ ఉన్నారన్నది కూడా నిజమే. మార్కెట్లో పక్క దుకాణం వేలల్లో కడుతుంటే వందల్లో కట్టి, పైగా పగిడీ (దుకాణం వదలడానికి పుచ్చుకునే సొమ్ము) తీసుకుని ఇంకొకరికి అప్పగించే కిరాయిదారు ఏ ప్రభుత్వానికీ తీసిపోడు. వక్ఫ్ రాసిచ్చినవాడు ఏ యతీమ్ (అనాథ) కోసం, ఏ విద్యార్థి కోసం రాసిచ్చాడో ఆ పిల్లవాడు మాత్రం ఈ గొడవలో ఏ వైపూ మైకు ముందు కనిపించడు.

సొంతవాళ్ల మీద సాక్ష్యం

రాజకీయాల్లో ఇస్లామీయ నీతి అనగానే చర్చ రాజ్యం రూపం మీదికి పోతుంది. హైదరాబాద్ రాజ్యంలోని ఔరంగాబాద్‌లో 1903లో పుట్టిన, జమాతె ఇస్లామీ స్థాపకుడు మౌదూదీ దైవ సార్వభౌమత్వం మీద నిలబడే రాజ్యాన్ని ఊహించారు. దేవబంద్ మతవిద్యాలయానికి చెందిన హుస్సేన్ అహ్మద్ మదనీ, ప్రవక్త మదీనాలో యూదులతో కలిసి చేసుకున్న ఒప్పందాన్ని చూపించి, వేర్వేరు మతాలవాళ్లు ఒకే జాతిగా బతకవచ్చన్నారు. ఈ దేశంలో ముస్లింలు ఆచరణలో నడిచింది మదనీ దారినే. కనుక రూపం చర్చను ఇక్కడితో వదిలేయవచ్చు.

మిగిలేది నడవడి. న్యాయం పక్షాన నిలబడండి, అది మీకూ మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకంగా వెళ్లినా సరే అంటుంది నాలుగో సూరా 135వ ఆయత్. ఒక జాతి మీద ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదని అయిదో సూరా ఎనిమిదో ఆయత్. ఈ రెంటికీ హైదరాబాద్ చరిత్రలో ఒక మనిషి పేరుంది. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల అకృత్యాలను ఖండించాడు, భారత యూనియన్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో కాచిగూడ ప్రాంతంలో ఇంటికి వెళుతుంటే దారికాచి చంపేశారు. రాసిన చేతిని నరికారు. ఇస్లాం ప్రమాదంలో ఉందని అరిచినవాళ్లు చంపింది ఒక ముస్లింను, ఖురాన్ చెప్పిన పని చేసినందుకు. నెల తిరక్కుండానే పోలీస్ చర్య జరిగింది. ఆ తర్వాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో వేలాది అమాయక ముస్లింలు చనిపోయారు, 27 వేల నుంచి 40 వేల దాకా అని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. రజాకార్ల రాజకీయానికి మూల్యం చెల్లించింది రజాకార్లు కారు. మొదటి సగం మాత్రమే చెప్పేవాళ్లు, రెండో సగం మాత్రమే చెప్పేవాళ్లు నగరంలో ఇప్పటికీ ఉన్నారు. ఆయత్ రెండూ చెప్పమంటుంది.

వోటును షహాదత్‌గా, అంటే సాక్ష్యంగా, చూసిన ఉలమా ఉన్నారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ వాదన అది. అభ్యర్థి అర్హుడని మీరు సాక్ష్యమిస్తున్నారు, అనర్హుడని తెలిసీ వేస్తే అది దొంగసాక్ష్యం. డబ్బు తీసుకుని వేస్తే లంచం కూడా కలుస్తుంది, లంచమిచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ శపించబడినవారేనని హదీసు. ఈ లెక్కన మనవాడు కాబట్టి వేయడం కూడా సాక్ష్యాన్ని అమ్ముకోవడమే, చేతికి నోటు రాలేదంతే. పాతబస్తీకి మెట్రో కథ చూడండి. 2017లో మెట్రో మొదలైంది, 2020లో ఎంజీబీఎస్ దాకా వచ్చింది, అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా ఉన్న అయిదున్నర కిలోమీటర్లు మాత్రం మొదటి దశలోనే ఉండి కూడా ఏళ్ల తరబడి కాగితాల మీదే మిగిలింది. ప్రభుత్వాలు మారాయి, స్థానిక నాయకత్వం మారలేదు, వచ్చిన ప్రభుత్వాలతో ఆ నాయకత్వానికి సఖ్యత ఉంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లే ఆ సఖ్యతకు కిరాయి కట్టారు. తాను ఖలీఫా అయిన రోజు అబూబకర్ తప్పు చేస్తే సరిదిద్దమని జనాన్ని కోరినట్టు చరిత్రకారులు రాశారు. సరిదిద్దినవాడిని ద్రోహి అనే అలవాటు అన్ని పార్టీల్లోనూ ఆ తర్వాత వచ్చిందే.

జోడేకీ రఖం

ఇక ఇంటి సంగతి. నికాహ్‌లో డబ్బు వెళ్లవలసిన దిక్కు వరుడి నుంచి వధువుకు, దాని పేరు మహర్. హైదరాబాద్‌లో అది ఎదురు తిరిగి వధువు తండ్రి నుంచి వరుడికి వెళుతుంది, దాని పేరు జోడేకీ రఖం. పైన ఫర్నిచర్, బండి, ఫంక్షన్ హాల్లో విందు. షరియత్‌లో దీనికి చోటెక్కడుందని అడిగితే ఎవరూ ఉందనరు, ఆచారమంటారు. మహర్‌ను మాత్రం తర్వాత ఇస్తామని రాయించి, చాలా ఇళ్లల్లో భర్త జనాజా లేచేముందు విధవ చేత మాఫ్ అనిపిస్తారు. ఏడుస్తున్న మనిషి ఆ క్షణాన లేదనగలదా?

భర్తగా ఉండే అధికారం కావాలి, దాని ఖర్చు వద్దు అన్న ధోరణి కోర్టుల దాకా వెళుతోంది. విడాకులిచ్చిన భార్యకు సాధారణ చట్టం కింద భరణం ఇవ్వనక్కర్లేదని తెలంగాణకు చెందిన ఒక భర్త సుప్రీంకోర్టుకెళ్లాడు. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 ఇవ్వమంది, హైకోర్టు దాన్ని 10,000 చేసింది, అదీ కుదరదన్నది అతని వాదన. 2024 జూలై 10న కోర్టు కొట్టేసింది. మతంలో జోక్యమని కొందరన్నారు. విడాకులు పొందిన స్త్రీలకు న్యాయంగా ఏదైనా ఇవ్వడం భక్తిపరుల విధి అన్న 2వ సూరా 241వ ఆయత్‌ను వాళ్లు ఎలా చదువుకున్నారో తెలియదు. ఒకే గుక్కలో మూడు తలాక్‌లు చెప్పడం చెల్లదని సుప్రీంకోర్టు 2017లో అనేదాకా ముస్లిం పర్సనల్ లా బోర్డు పెద్దలు దాన్ని పాపమే కానీ చెల్లుతుందనే అన్నారు. పాపమని తెలిసినదాన్ని ఆపే బాధ్యత మాత్రం తీసుకోలేదు.

కోర్టు దాకా వెళ్లకుండా చేయగలిగింది షరియత్‌లోనే ఉంది. నికాహ్ ఒక ఒప్పందం, అందులో షరతులు రాసుకోవచ్చు. భర్త వేధిస్తే, లేదా చెప్పకుండా ఇంకో పెళ్లి చేసుకుంటే తలాక్ తీసుకునే అధికారం భార్యకు ముందే అప్పగించే తఫ్వీజ్‌ను, మన దేశంలో ఎక్కువమంది సున్నీలు పాటించే హనఫీ న్యాయం ఒప్పుకుంటుంది. హైదరాబాద్‌లో ఖాజీ నింపే సియాహానామా (పెళ్లి నమోదు పత్రం)లో మహర్‌తో పాటు ఇదీ రాయించవచ్చు, ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. రాయించేవాళ్లు బహు తక్కువ. పెళ్లికి ముందే తలాక్ మాటెత్తితే సంబంధం చెడుతుందేమోనని పిల్ల తండ్రి భయం. జోడేకీ రఖం మాత్రం అదే తండ్రి నికాహ్‌కు ముందే లెక్కపెట్టి ఇస్తాడు, దానికి రసీదు కూడా అడగడు.